బల్ల మీద ఒక్కటే డబ్బా

సూరత్ జిల్లా పల్సాణా తాలూకాలో, కడోదరాకు దగ్గరలో ఉంది జోల్వా. ఒకప్పటి పల్లెటూరు. ఇప్పుడు చుట్టూ మగ్గాల షెడ్లు, డైయింగ్ మిల్లులు, బాయిలర్ల పొగగొట్టాలు. 2025 సెప్టెంబరు మొదట్లో ఆ ఊళ్ళోని ఒక డైయింగ్ మిల్లులో రసాయనాల డ్రమ్ము పేలింది. మంటలు లేచాయి. ఇద్దరు కార్మికులు చనిపోయారు, ఇరవై మంది దాకా గాయపడ్డారు. ఆ డ్రమ్ము ఎందుకు పేలిందన్నది విచారణ చేసేవాళ్ళు తేల్చాల్సిన విషయం, దాని జోలికి నేను పోను. అలాంటి డ్రమ్ము మూత రోజూ తెరిచే మనిషి కోసమే ఈ అధ్యాయం రాస్తున్నాను.

ఆ మనుషుల్లో మనవాళ్ళూ ఉన్నారు. తెలంగాణ నుంచి వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా సూరత్‌లో స్థిరపడ్డాయి. లింబాయత్ లాంటి పేటల్లో నడుస్తుంటే తెలుగు వినిపిస్తుంది, మునిసిపల్ కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. తాతలు మగ్గం నేశారు. మనవళ్ళలో కొందరు మగ్గం వదిలి రంగుల మిల్లుల్లో చేరారు. మగ్గం దగ్గర చేయి నలుగుతుంది, వేలు తెగుతుంది. ప్రమాదం కంటికి కనిపిస్తూనే ఉంటుంది. రంగులు, రసాయనాలు కలిపే కలర్ రూంలో అలా కాదు. అక్కడ ప్రమాదం తెల్లటి పొడిలా, నీళ్ళలాంటి ద్రవంలా, చూడటానికి ఉప్పులా, పంచదారలా ఉంటుంది. వారం రోజులు ముట్టుకుంటే భయం పోతుంది. భయం పోయిన తర్వాత మనిషిని కాపాడేది ఏమిటన్నదే అసలు ప్రశ్న.

ఆ పని చేసే బల్లను సర్దుకున్న తీరే కాపాడుతుందని నా నమ్మకం. మరిచిపోవడం మనిషి లక్షణం. రాత్రి షిఫ్టులో తెల్లవారుజామున మూడింటికి ఎంతటి పనిమంతుడైనా మరిచిపోతాడు. మరిచిపోయినా ప్రాణం మీదికి రాకుండా చుట్టూ వస్తువులను ఎలా పెట్టుకోవాలో ముందే, మెలకువగా ఉన్న వేళే తేల్చిపెట్టుకోవాలి.

తూటాలు నింపే బల్ల

ఈ సంగతిని చాలా శ్రద్ధగా రాసిపెట్టుకున్నవాళ్ళు మనం ఊహించని చోట ఉన్నారు. అమెరికాలో వేటకు, గురి పోటీలకు వెళ్ళేవాళ్ళలో కొందరు కాల్చేసిన తూటాలను ఇంట్లోనే మళ్ళీ నింపుకుంటారు. దాన్ని రీలోడింగ్ అంటారు. అక్కడ చట్టం దానికి ఒప్పుకుంటుంది. గ్యారేజీలోనో వెనక గదిలోనో ఒక బల్ల, దానికి బిగించిన ఇనుప ప్రెస్సు, పక్కన చిన్న కాటా. నాలుగు గోడల మధ్య, పైవాడెవడూ చూడని చోట, మనిషి ఒంటరిగా చేసే ప్రమాదకరమైన పని. ఇన్‌స్పెక్టర్ రాడు, సూపర్‌వైజర్ ఉండడు. అందుకే వాళ్ళ కట్టుబాట్లన్నీ మనిషి తనకు తానే కాపలా కాసుకునేలా తయారయ్యాయి. అవి తెలుసుకుంటే కలర్ రూంలో పనికొస్తాయి.

తూటాలో నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి తొడుగు, దాని అడుగున ప్రైమర్ అనే చిన్న టోపీ, లోపల మందు, పైన గుండు. కాల్చాక ఇత్తడి తొడుగు మిగులుతుంది. దాన్ని శుభ్రం చేసి, పాత ప్రైమర్ తీసి కొత్తది నొక్కి, మందు కొలిచి పోసి, గుండు బిగిస్తారు. మందును గ్రెయిన్లలో తూస్తారు. గ్రాముకు పదిహేను గ్రెయిన్లకు పైనే వస్తాయి. చాలా పిస్టల్ తూటాల్లో పట్టే మందు అర గ్రాము కూడా ఉండదు. అంత తక్కువ కొలతలో వచ్చే తేడా కంటికి ఆనదు, కానీ అది తుపాకీ గొట్టాన్ని చీల్చేయగలదు.

అక్కడ జరిగే పెద్ద తప్పులు రెండూ మతిమరుపు వల్ల వచ్చేవే. చాలా పిస్టల్ తొడుగుల్లో సరైన కొలత మందు పోస్తే సగం కూడా నిండదు. అంటే పొరపాటున రెండోసారి పోసినా పొంగి బయటపడదు, లోపలే ఒదిగిపోతుంది. ఆ తూటా పేల్చినవాడి చేతిలో తుపాకీ బద్దలవుతుంది. దీనికి వ్యతిరేకమైన తప్పు మందు అసలు పోయకపోవడం. అప్పుడు ప్రైమర్ ఒక్కటే పేలి, గుండును గొట్టంలోకి కాస్త నెట్టి వదిలేస్తుంది. చప్పుడు చిన్నగా వస్తుంది. ‘ఏదో తుస్సుమంది’ అనుకుని వెంటనే రెండోది పేల్చితే, ఇరుక్కున్న గుండుకు తగిలి గొట్టం పగులుతుంది. కాబట్టి చప్పుడులో ఏ కాస్త తేడా వినిపించినా ఆగి, తుపాకీ ఖాళీ చేసి, గొట్టంలో అడ్డం లేదని చూసుకున్నాకే ముందుకు వెళ్ళాలి.

వాళ్ళ కట్టుబాట్లలో మొదటిది, నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఇదే. బల్ల మీద ఒకే రకం మందు, ఒకే డబ్బా ఉండాలి. మందులన్నీ చూడటానికి నల్లటి, బూడిదరంగు పలుకులే. ఒకటి నిదానంగా కాలేది, ఒకటి చురుగ్గా కాలేది. పెద్ద తుపాకీకి సరిపడే కొలతలో చురుకైన మందు పోస్తే అది తూటాగా కాకుండా బాంబుగా తయారవుతుంది. రెండు డబ్బాలు పక్కపక్కన ఉన్నప్పుడు ‘నాకు తెలుసులే’ అన్న ధీమా పనిచేయదు. రెండో డబ్బా అసలు బల్ల మీదే లేకపోతే కలిసిపోయే దారే లేదు. పని అయ్యాక కొలత పాత్రలో మిగిలిన మందును అప్పటికప్పుడే, అదే డబ్బాలోకి పోసి మూత పెడతారు. మర్నాటికి వదిలేసి, అది ఏ మందో గుర్తు రాకపోతే, ఎంత ఖరీదైనదైనా పారేస్తారు. వాసన చూసో, రంగు చూసో తేల్చరు.

ఇంకొకటి దగ్గరి నుంచి చూడాల్సిన దృశ్యం. మందు పోసిన తొడుగులను యాభై గుంతలున్న చెక్క పలకలో నిలబెడతారు. గుండు బిగించే ముందు పైనుంచి లైటు వేసి, వంగి, ఒక్కో తొడుగులోకి చూస్తారు. మందు అన్నిటిలో ఒకే ఎత్తున కనిపించాలి. ఒకటి ఎత్తుగా ఉన్నా, ఒకటి నల్లగా ఖాళీగా ఉన్నా, అక్కడే తెలిసిపోతుంది. గుండు బిగించాక ఇక తెలియదు. తనిఖీ పెట్టాల్సిన చోటు తప్పును ఇంకా దిద్దగలిగే చోటే అని ఆ పలక చూస్తే అర్థమవుతుంది. మందు పోస్తుండగా ఫోన్ మోగితే, ఎవరైనా పిలిస్తే, చేతిలో ఉన్న తొడుగులోని మందును కుమ్మరించి మళ్ళీ మొదటి నుంచి కొలుస్తారు. ఎక్కడ ఆపానో గుర్తుంది కదా అని కొనసాగించరు. టీవీ ఉండదు, సిగరెట్ ఉండదు, మద్యం తాగి ఆ గదిలోకి రారు. కళ్ళకు అద్దాలు తప్పనిసరి. అచ్చు పుస్తకంలో ఇచ్చిన కొలతల్లో తక్కువ దానితో మొదలుపెడతారు, గరిష్ఠం దాటరు, పుస్తకంలో రాసిన మందుకు బదులు ఇంకొకటి వాడరు. పని ముగిశాక సీసం మురికి పోయేలా సబ్బుతో చేతులు కడుక్కున్నాకే అన్నం ముట్టుకుంటారు.

నిల్వ చేసే పద్ధతి కూడా గమనించాలి. పొగ రాని మందును కొన్న డబ్బాలోనే ఉంచుతారు, వేరే సీసాలోకి మార్చరు. ఆ డబ్బాలను చెక్క అల్మారాలో పెడతారు. గట్టిగా బిగుసుకునే ఇనుప పెట్టెలో పెట్టరు. ఆ మందు బయట గాలిలో అంటుకుంటే భగ్గున మండి ఊరుకుంటుంది. అదే గట్టి పెట్టెలో అంటుకుంటే ఒత్తిడి పెరిగి పేలుతుంది. ప్రైమర్లను కూడా కంపెనీ అట్టపెట్టెలోనే ఉంచుతారు. ఒక్కొక్కటి విడిగా గూడులో కూర్చునేలా ఆ పెట్టె చేసి ఉంటుంది. గాజు సీసాలో గుట్టగా పోసుకుంటే, ఒకటి పేలితే అన్నీ కలిసి పేలతాయి.

ఇక్కడొక మాట ఖండితంగా చెప్పాలి. ఇవన్నీ మీరు ఇంట్లో తూటాలు నింపుకోమని రాసినవి కావు. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ఐదో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకులు గానీ తూటాలు గానీ తయారు చేయడం నేరం. 2019లో చేసిన సవరణ తర్వాత ఆ నేరానికి శిక్ష ఏడేళ్ళకు తగ్గదు, యావజ్జీవం దాకా వెళ్ళొచ్చు. ఏజెన్సీ గ్రామాల్లో నాటు తుపాకీకి మందు కూరుకునేవాళ్ళు, అడవి పందుల కోసం నాటు బాంబులు చుట్టేవాళ్ళు ఈ మాట వినాలి. తుపాకీ మీద నిజంగా ఆసక్తి ఉన్న పిల్లలుంటే షూటింగ్ క్లబ్బులో చేర్పించండి. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో పతకాలు తెచ్చింది ఆ దారినే. ఆమె ఆడే 25 మీటర్ల పిస్టల్ పోటీలో వాడే పాయింట్ 22 తూటాకు పేలుడు పదార్థం తొడుగు అంచులోనే ఉంటుంది, కాబట్టి దాన్ని మళ్ళీ నింపడం అనేదే ఉండదు.

అమెరికాలో ఉంటూ కొత్తగా తుపాకీ కొనుక్కునే మన పిల్లలకు ఇంకో మాట. 2024 నవంబరులో అట్లాంటాలో తెలంగాణకు చెందిన ఒక విద్యార్థి పుట్టినరోజు నాడు కొత్త వేట తుపాకీ తుడుస్తుండగా అది పేలి చనిపోయాడు. తుడిచే ముందు మ్యాగజైన్ తీసి, ఛాంబర్ తెరిచి, కంటితో చూసి, వేలితో తడిమి, ఖాళీ అని తేల్చుకోవాలి. తుడిచే గదిలో తూటాలే ఉండకూడదు. అప్పటికీ గొట్టం ఎవరి వైపూ తిప్పకూడదు.

హైడ్రోస్ డ్రమ్ము

ఇక జోల్వాకు వద్దాం. పాలిస్టర్ గుడ్డకు రంగు వేశాక పైపైన అంటుకున్న రంగు పోవడానికి కాస్టిక్ సోడా, హైడ్రోస్ కలిపిన వేడినీళ్ళలో కడుగుతారు. హైడ్రోస్ అంటే సోడియం హైడ్రోసల్ఫైట్, తెల్లటి పొడి. తెలుగువాళ్ళకు ఇది కొత్త కాదు. నల్లబెల్లాన్ని పచ్చగా, తెల్లగా మెరిపించడానికి గానుగల దగ్గర కలిపేది కూడా ఇదే పొడి. అనకాపల్లి వైపు బెల్లం కొనేవాళ్ళు ‘హైడ్రోస్ వేయనిదేనా?’ అని అడగడం తెలిసిందే. బెల్లంలో చిటికెడు వేసే పొడి కాబట్టి ప్రమాదం లేనిదని చాలామంది అనుకుంటారు. ఆ పొడే పెద్ద డ్రమ్ముల్లో మిల్లుకు వస్తుంది. సరైన డ్రమ్ము మీద సగం తెలుపు, సగం ఎరుపు ఉన్న వజ్రాకారపు గుర్తు, అందులో మంట బొమ్మ ఉంటుంది. దానంతట అదే అంటుకోగల వస్తువు అని దాని అర్థం.

అంటుకోవడానికి నిప్పురవ్వ అక్కరలేదు, తడి చాలు. కాస్త నీరు తగిలితే హైడ్రోస్ విచ్ఛిన్నమవుతూ వేడెక్కుతుంది. ఆ వేడికి పక్కనున్న పొడి కూడా విచ్ఛిన్నమవుతుంది. గంధకం కాలిన ఘాటు వాసనతో సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది. కళ్ళు మండుతాయి, దగ్గు వస్తుంది, ఆ తర్వాత పొగ, మంట. 1995 ఏప్రిల్ 21న అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం లోడై పట్టణంలో నాప్ టెక్నాలజీస్ అనే కర్మాగారంలో ఇదే జరిగింది. హైడ్రోస్, అల్యూమినియం పొడి కలుపుతున్న పెద్ద పాత్రలోకి నీరు చేరింది. లోపల వేడి పుట్టింది, వాసన వచ్చింది. దాన్ని ఖాళీ చేయబోతుండగా పేలి ఐదుగురు కార్మికులు చనిపోయారు. అదేదో మారుమూల షెడ్డు కాదు, సదుపాయాలున్న కర్మాగారం.

జోల్వా చుట్టుపక్కల తడికి కొదవ లేదు. వానాకాలం గాలిలోనే చెమ్మ. కలర్ రూం నేల ఎప్పుడూ తడే. రంగు వేసే జెట్ మిషన్ల ఆవిరి పైకప్పుకు తగిలి చుక్కలుగా కారుతుంది. చేతి తొడుగులు తడి, మగ్గు తడి. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టనివ్వని అమ్మను గుర్తు చేసుకోండి. జాడీ దగ్గరికి వెళ్ళే గరిటె వేరు, తుడిచే గుడ్డ వేరు, పెట్టే చేయి వేరు. హైడ్రోస్ డ్రమ్ముకు కావలసిన ఏర్పాటు సరిగ్గా అదే. దాని మగ్గు దానిదే. పొడిగా, తాడుతో ఆ డ్రమ్ము పక్క మేకుకే వేలాడుతూ ఉండాలి. ఇంకే రసాయనంలోనూ అది మునగకూడదు. డ్రమ్ము చెక్క పీట మీద, నేలకు ఎత్తుగా, పైపుల కిందా ఆవిరి వచ్చే చోటా కాకుండా, కాస్టిక్, ఆసిడ్, పెరాక్సైడ్‌లకు దూరంగా ఉండాలి. లోపలి ప్లాస్టిక్ సంచి మూతి ముడి విప్పి, కావలసినంత తీసి, వెంటనే ముడి వేసి మూత పెట్టాలి. మూత తీసి ఉంచి టీ తాగడానికి వెళ్ళకూడదు.

తీసిన పొడి ఎక్కువైతే మళ్ళీ డ్రమ్ములో పోయడం మన వాళ్ళకు అలవాటు. ‘పారేస్తే యజమాని ఊరుకుంటాడా అన్నా?’ అంటారు. అది పొదుపులా కనిపిస్తుంది గానీ, బకెట్టు అడుగున ఉన్న రెండు చుక్కల నీళ్ళు ఆ పిడికెడు పొడితో పాటు డ్రమ్ములోకి వెళ్తాయి. తూటాల బల్ల దగ్గర మిగిలిన మందును డబ్బాలో పోసే వీలుంది, ఎందుకంటే అది ఏమిటో, ఎక్కడ నుంచి వచ్చిందో తెలుసు. ఇక్కడ ఆ వీలు లేదు. గుడ్డను తెల్లబరిచే పెరాక్సైడ్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. క్యాన్‌లోంచి బయటికి వచ్చింది మళ్ళీ క్యాన్‌లోకి పోకూడదు. కాస్త తుప్పు, కాస్త రంగు పొడి చాలు, అది విడిపోతూ గాలి వదులుతుంది, బిగించిన క్యాన్ ఉబ్బి పగులుతుంది. దాని మూతకు ఉన్న చిన్న గాలి రంధ్రం ‘కారుతోంది’ అని మైనంతోనో టేపుతోనో మూసేసేవాళ్ళున్నారు. ఆ రంధ్రం మూసుకుంటే ఆ క్యాన్ పేలడానికి సిద్ధమైనట్టే.

హైడ్రోస్ డ్రమ్ము పొగ వదులుతోంటే చేయాల్సింది మనకు వెంటనే తట్టేదానికి పూర్తిగా వ్యతిరేకం. చేయి మూత మీదికి పోతుంది, మూసేస్తే ఆరిపోతుందనిపిస్తుంది. మూయకూడదు. ఇది మండడానికి బయటి గాలి అక్కరలేదు. మూత బిగించిన కొద్దీ లోపల ఒత్తిడి పెరుగుతుంది. బకెట్టు నీళ్ళు చల్లబుద్ధవుతుంది. అదీ చేయకూడదు. కొద్ది నీరే దీనికి ఆజ్యం. ఈ పొడి అంటుకుంటే ఆపేది వరదలా కుమ్మరించే నీరే, అది అగ్నిమాపక దళం దూరం నుంచి చేసే పని. మీ పని చుట్టూ ఉన్నవాళ్ళను కేకేసి బయటికి తోలడం, గాలికి ఎదురు దిక్కుగా వెళ్ళడం, 101కో 112కో ఫోన్ చేసి ‘హైడ్రోస్’ అని పేరు చెప్పడం. ఆ పేరు చెప్పడం మరవకండి. ఏ వస్తువో తెలియకుండా వచ్చే దళం కూడా ప్రమాదంలో పడుతుంది.

గాలి దిక్కు మాట ఎందుకన్నానంటే, సూరత్‌లోనే సచిన్ పారిశ్రామిక వాడలో 2022 జనవరి 6 తెల్లవారుజామున ఒక ట్యాంకర్ రసాయన వ్యర్థాన్ని దొంగచాటుగా కాలువలో వదులుతుంటే విషవాయువు లేచి, పక్క మిల్లు కార్మికులు ఆరుగురు చనిపోయారు. వాయువు ఇంటి పేరు అడిగి రాదు. ఘాటు తగిలితే మొదట పరుగు, తర్వాత విచారణ.

పేర్లు, భాషలు, నిద్ర

మిల్లులో ఒడియా, భోజ్‌పురి, గుజరాతీ, మరాఠీ, తెలుగు మాట్లాడేవాళ్ళు ఒకే షిఫ్టులో ఉంటారు. డ్రమ్ము మీద ఇంగ్లీషు. దాన్ని చదివేవాడు ఒక్కడూ ఉండకపోవచ్చు. అందుకే రంగుతో గుర్తు పెట్టండి. ఆసిడ్ క్యాన్‌కు ఎర్ర రిబ్బను, కాస్టిక్ సంచికి నీలం, హైడ్రోస్‌కు పసుపు, ఆయా మగ్గులకూ అదే రంగు. ఏ రంగు ఎంచుకున్నా ఫరవాలేదు, మిల్లంతా ఒకటే ఉండాలి. కొత్తగా వచ్చిన కుర్రాడికి మొదటి రోజు చూపించాల్సినది ఇదే. అతను చేతితో చూపిస్తూ తిరిగి చెప్పేదాకా వదలకండి.

కూల్‌డ్రింకు సీసాలో రసాయనం పోసి ఇంటికి తీసుకెళ్ళడం మానండి. బాత్రూం కడగడానికని ఆసిడ్, తెల్లబట్టలకని హైడ్రోస్, బ్లీచింగ్. సీసా మారిన క్షణం నుంచి ఆ వస్తువుకు పేరు పోయినట్టే, దాహం వేసిన పిల్లాడికి అది నీళ్ళ సీసా. బ్లీచింగ్‌లో ఆసిడ్ కలిస్తే క్లోరిన్ వస్తుంది, తలుపు మూసిన బాత్రూంలో అది ఊపిరి తీస్తుంది. గట్టు మీద ఒకటే డబ్బా అన్న నియమం ఇంట్లో ఆడవాళ్ళకూ చెప్పండి. ఒకటి వాడి, నీళ్ళతో బాగా కడిగేశాకే ఇంకోటి తెరవాలి.

దీపావళికి ఊరు వెళ్ళేవాళ్ళకు కూడా ఒక మాట. మన పల్లెల్లో చిచ్చుబుడ్లు, మతాబులు ఇంట్లో కూరుకునే సరదా ఇంకా ఉంది. మిల్లు రసాయనాల మధ్య తిరిగే కుర్రాడికి ‘నాకివన్నీ తెలుసు’ అన్న ధైర్యం ఎక్కువ. 2024 దీపావళి రోజున ఏలూరులో స్కూటర్ మీద ఉల్లిపాయ బాంబులు తీసుకెళ్తుంటే బండి గతుకులో పడింది. అంతే, బాంబులు పేలి ఒకరు చనిపోయారు, ఆరుగురు గాయపడ్డారు. నిప్పు లేదు, అగ్గిపుల్ల లేదు. పెద్ద ఎత్తున మందు నిల్వ చేసే, కూరే చోట్ల కూడా 2025 ఏప్రిల్ 1న గుజరాత్‌లోనే డీసాలో 21 మంది, ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో ఎనిమిది మంది బాణసంచా పేలుళ్ళలో పోయారు. క్లోరేటు, గంధకం కలిపిన మిశ్రమాన్ని మన దేశంలో 1992లోనే నిషేధించారు. నలిపినా, రాపిడి తగిలినా పేలే జోడీ అది. ఇంటి దగ్గర కూరడం వద్దు. కొనండి, ఆరుబయట కాల్చండి.

ఇక నిద్ర సంగతి. పన్నెండు గంటల షిఫ్టు చేసేవాడికి ‘జాగ్రత్తగా ఉండు’ అని చెప్పడం దాదాపు వ్యర్థం. ఒంట్లో ఓపిక లేనప్పుడు జాగ్రత్త ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే కొలిచే పనంతా షిఫ్టు మొదటి గంటల్లో చేసి పెట్టుకోమంటాను. తెల్లారి వాడాల్సిన కాస్టిక్ తూకం కూడా రాత్రి తొమ్మిదింటికే తూచి, మూత ఉన్న డబ్బాల్లో, మిషన్ నంబరు రాసి పెట్టండి. హైడ్రోస్ ఒక్కటి మాత్రం వాడే వేళకే తీయాలి, ముందుగా తీసి పెట్టకూడదు. దాన్ని తీసేటప్పుడు పక్కన రెండో మనిషి నిలబడాలి. కాటా మీద అంకె ఒకరు పైకి చదవాలి, రెండోవారు కొలతల కార్డు చూసి ‘సరే’ అనాలి. కాస్టిక్ కలిపేటప్పుడు నీళ్ళలో పలుకులు వేయాలి, పలుకుల మీద నీళ్ళు పోయకూడదు. పోస్తే సలసల కాగి ముఖం మీదికి చిమ్ముతుంది. కళ్ళజోడు తలమీద కాదు, కళ్ళ మీద ఉండాలి. కంట్లో పడితే ధారగా పదిహేను నిమిషాలు నీళ్ళు పోస్తూనే ఉండాలి, ఆ తర్వాతే ఆసుపత్రి.

ఈ మాటలు పెద్దవాళ్ళతో అనడం కష్టమని నాకు తెలుసు. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న మేస్త్రి తడి మగ్గు డ్రమ్ములో పెడుతుంటే, నిన్న చేరిన కుర్రాడు ఎలా ఆపుతాడు? ‘తప్పు చేస్తున్నవ్ అన్నా’ అంటే గొడవ. ‘అన్నా, మగ్గు నాకియ్యి, తుడిచిస్త’ అంటే గొడవ లేదు, పని జరుగుతుంది. ఆయన ‘ఏం గాదు తమ్మీ, రోజూ చేసేదే’ అన్నా సరే, మగ్గు చేతిలోకి తీసుకోవాలి. నాలుగు రోజులు తుడిచిస్తే ఐదో రోజు ఆయనే చేయి చాపుతాడు.

యాజమాన్యాన్ని అడిగే హక్కు కూడా మీకుంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ప్రకారం పనిలో ఆరోగ్యానికి, భద్రతకు సంబంధించిన సమాచారం కార్మికుడు అడగవచ్చు. ప్రాణాపాయం ఉందని గట్టి అనుమానం వస్తే యజమానికీ ఇన్‌స్పెక్టర్‌కూ తెలియజేయవచ్చు. ఒంటరిగా వెళ్ళి అడగకండి. నలుగురు కలిసి వెళ్ళి, ప్రతి రసాయనానికీ కంపెనీ ఇచ్చే భద్రతా పత్రం హిందీలో, వీలైతే మన భాషల్లో గోడకు అంటించమని అడగండి. పొడులు ఉంచే గదికి ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను, కళ్ళు కడుక్కునే కుళాయి, ప్రతి డ్రమ్ముకూ ఒక మగ్గు. ఇవి పెద్ద ఖర్చులు కావు. ముందు మగ్గులు అడగండి. అవి వచ్చిన రోజే రంగు రిబ్బన్లు కట్టి, మేకులు కొట్టి, ఎక్కడివి అక్కడ తగిలించండి.